వర్ధంతి నాడు వంద యూనిట్లు వద్దు: సహోద్యోగి పేరిట రక్తదానం, మా అనుభవం

డ్యూటీలో ఉండగా ప్రాణం పోగొట్టుకున్న సహోద్యోగి పేరిట ఏదైనా చెయ్యాలని ఫైర్ స్టేషన్‌లో మాట వచ్చిందంటే, రక్తదాన శిబిరం పెడదామని ఎవరో ఒకరు అంటారు. మంచి మాటే. కాదనేవాళ్లుండరు. చిక్కంతా ఆ శిబిరం జరిగే తీరులో ఉంది. వర్ధంతి రోజున పెద్ద బ్యానరు, ముఖ్య అతిథి, ఒక్క పూటలో తీయగలిగినన్ని యూనిట్లు, మర్నాడు ఫోటోలు. మళ్లీ ఏడాది దాకా ఎవరికీ ఆ సంగతి పట్టదు.

రక్తం అలా దాచుకునే సరుకు కాదు. దానం చేసిన రక్తంలోంచి విడదీసిన ప్లేట్‌లెట్లు మామూలుగా ఐదు రోజులే పనికొస్తాయి, అదీ 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఆపకుండా మెల్లగా ఊపుతూ ఉంచితేనే. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల చలిలో, సంచిలో కలిపిన ద్రావణాన్ని బట్టి, 35 లేదా 42 రోజులు నిలుస్తాయి. మంచులా గడ్డకట్టించిన ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఒక్కటే ఏడాదికి తగ్గకుండా ఉంటుంది. అంటే వర్ధంతి నాడు వంద యూనిట్లు పోగైతే వాటిలోని ప్లేట్‌లెట్లకు వారంలోపే గడువు తీరుతుంది, నెలన్నర దాటితే ఎర్రకణాలూ మిగలవు. పైగా ఆ వందమందీ ఒకేసారి ఇచ్చేశారు కాబట్టి వచ్చే మూడు నెలలు వాళ్లలో ఎవరినీ పిలవడానికి లేదు. స్టేషన్ మొత్తం ఒక్కరోజులో ఖాళీ అయిపోతుంది.

అందుకే మేం వర్ధంతికి చిన్న శిబిరం ఒకటి పెట్టుకుని, అసలు పనిని వంతుల జాబితా మీద నడుపుతున్నాం. ఈ పద్ధతి పెట్టుకోవాలనుకునే ఇతర స్టేషన్లకు, ఆ మాటకొస్తే షిఫ్టుల్లో పనిచేసే ఏ సంస్థకైనా, పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాం.

ముందు ఇంటివాళ్లు

బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చెయ్యకముందే పోయినవారి కుటుంబంతో మాట్లాడాలి. గుంపుగా వెళ్లకూడదు. ఆ ఇంటితో ముందు నుంచీ రాకపోకలున్నవాళ్లు ఒకరిద్దరు వెళితే చాలు. "వదినా, అన్న పేరు మీద ఇలా అనుకుంటున్నాం. మీకు ఇష్టం లేకపోతే పేరు పెట్టం, పని మాత్రం చేసుకుంటాం" అని చెప్పి, జవాబు అప్పటికప్పుడు చెప్పనవసరం లేదని కూడా చెప్పి రావాలి. ఎదురుగా కూర్చుంటే ఎవరైనా సరే అనే అంటారు. వారం తర్వాత మళ్లీ అడిగినప్పుడు వచ్చే జవాబే అసలు జవాబు.

అడగాల్సినవి కొన్నే. పేరు వాడొచ్చా? ఫోటో వాడొచ్చా, వాడితే ఏ ఫోటో? యూనిఫాంలో ఉన్నది స్టేషన్‌లో సులువుగా దొరుకుతుంది గానీ, ఇంటివాళ్లు చాలాసార్లు మామూలు బట్టల్లో ఉన్నదే ఇస్తారు. ఆ రోజు వాళ్లు రావాలనుకుంటున్నారా? వస్తే వేదిక ఎక్కించకూడదు, మైకు చేతికివ్వకూడదు, వాళ్లు ఇవ్వబోతే తప్ప సర్టిఫికెట్లు వాళ్ల చేత ఇప్పించకూడదు. పోయిన ఘటన గురించి కరపత్రంలో ఒక్క వాక్యం కూడా రాయకపోవడం మేలు. విచారణలో ఉన్న ఘటనైతే అసలే రాయకూడదు. పేరు, సేవ చేసిన సంవత్సరాలు, అంతే.

పిల్లల్లో పద్దెనిమిది దాటినవాళ్లు ఉంటే తామూ ఇస్తామంటారు. ఇవ్వనివ్వండి, కానీ వర్ధంతి రోజున కాకుండా మరో రోజు. నిద్ర లేక, సరిగా తినక, మనసు బాగాలేని మనిషి సూది పడగానే కళ్లు తిరిగి పడే అవకాశం ఎక్కువ. అదే రోజు అదే హాల్లో ఆ పిల్ల పడిపోతే మిగతా అందరి ధైర్యమూ పోతుంది.

జాబితా లెక్క

ఇది కాగితం మీద తేలాల్సిన పని. స్టేషన్‌లో సిబ్బంది ఎంతమంది అన్నది కాదు, ఇవ్వగలిగినవాళ్లు ఎంతమంది అన్నది చూడాలి. వయసు 18 నుంచి మొదలు, పై హద్దు చాలాచోట్ల 65. బరువు 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్లు, 50 ఉంటే 450 తీయొచ్చు. కొన్నిచోట్ల 450కి 55 కిలోలు అడుగుతారు. రెండు దానాల మధ్య ఎడం పురుషులకు మూడు నెలలు, స్త్రీలకు నాలుగు నెలలు అన్నది చాలామంది పాటించే లెక్క. మీ ప్రాంతం నిబంధన వేరేగా ఉంటే అదే ఖాయం.

నిబంధన మూడు నెలలంటోంది కదా అని ఏడాదికి నాలుగుసార్లు పెట్టుకోకండి. 450 మిల్లీలీటర్ల రక్తంతో పాటు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోంచి పోతుంది. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో పూడుతుంది, ఎర్రకణాలకు వారాలు పడుతుంది, ఇనుము నిల్వలు మళ్లీ నిండడానికి నెలలు. వరసగా మూడునెలలకోసారి ఇచ్చినవాళ్లే తర్వాత హిమోగ్లోబిన్ చాలక వెనక్కి రావడం మామూలు. స్త్రీలలో ఇది ఇంకా త్వరగా కనిపిస్తుంది. ఏడాదికి రెండుసార్లన్నది అలసట లేకుండా ఏళ్ల తరబడి నడిచే లెక్క.

ఉదాహరణకు 48 మంది సిద్ధంగా ఉన్నారనుకుందాం. ఏడాదికి రెండేసి చొప్పున 96 యూనిట్లు. నెలకు ఎనిమిది, వారానికి ఇద్దరు. వారానికి ఇద్దరు బ్లడ్ బ్యాంకుకు వెళ్లి రావడం ఏ స్టేషన్‌కీ భారం కాదు. బ్లడ్ బ్యాంకువాళ్లకు మాత్రం ఏడాదంతా తప్పకుండా వచ్చే ఇద్దరు మనుషులు, ఒక్కరోజున ఊడిపడే తొంభై ఆరుగురి కన్నా ఎక్కువ ఉపయోగం. ఈ మాట మేం చెప్పగానే అక్కడి సిబ్బంది మొహాలు మారడం చూశాం. శిబిరం గురించి అడిగేవాళ్లు బోలెడంతమంది, వారవారం మనిషిని పంపుతామనేవాళ్లు తక్కువ.

ఫైర్ సిబ్బందికి ఇక్కడ ఒక మెలిక ఉంది. రక్తం ఇచ్చిన తర్వాత ఇరవైనాలుగు గంటలు నిచ్చెన ఎక్కే పని, భారీ వాహనం నడిపే పని, బ్రీతింగ్ సెట్ తగిలించుకుని పొగలోకి దూరే పని పెట్టుకోకూడదు. నిచ్చెన మీద కళ్లు తిరిగితే అది ఒక్క మనిషితో పోయే ప్రమాదం కాదు. కాబట్టి డ్యూటీ దిగిన రోజునో ఎక్కబోయే ముందు రోజునో కాక, మధ్యలో పూర్తిగా సెలవున్న రోజునే వంతు వెయ్యాలి. డ్యూటీ దిగినరోజు వద్దనడానికి కారణం వేరు. రాత్రంతా కాల్స్ ఉంటే నిద్ర ఉండదు. మంటల దగ్గర పనిచేసి వచ్చినవాడి ఒంట్లో నీరు ఇంకిపోయి ఉంటుంది. ఆ స్థితిలో బెడ్ ఎక్కితే నరం దొరకదు, దొరికినా సంచి మెల్లగా నిండుతుంది, లేవగానే తూలుతాడు.

ఒకే షిఫ్టులోంచి ఒకే వారంలో ఇద్దరిని పంపకూడదు. డ్రైవర్లిద్దరి పేర్లు ఒకే నెలలో పడకుండా చూసుకోవాలి. శారీరక దారుఢ్య పరీక్షలు, పొగ గది డ్రిల్లులు ఉన్న నెలకు ముందు వారాల్లో ఆ పరీక్షకు వెళ్లేవాళ్ల పేరు వెయ్యకూడదు. ఎర్రకణాలు తగ్గితే గుండె, ఊపిరితిత్తులు గరిష్ఠంగా చేయగలిగే పని కొన్ని వారాలపాటు కొంచెం తగ్గుతుంది. రోజువారీ పనిలో తేడా తెలియదు, పరుగు పందెం టైములో తెలుస్తుంది. ఆ టైము పడిపోయినవాడు మళ్లీ జాబితాలో పేరివ్వడు.

అందరినీ జాబితాలో వాడెయ్యకుండా ఐదారుగురిని, వీలైతే ఎవరికైనా ఎక్కించదగ్గ ఓ-నెగెటివ్ గ్రూపువాళ్లను, పిలుపు కోసం అట్టిపెట్టుకోవాలి. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు బ్లడ్ బ్యాంకు ముందు జనం బారులు తీరతారు. నిజానికి ఆ ప్రమాద బాధితులకు ఎక్కించేది అప్పటికే పరీక్షలు పూర్తయి ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న రక్తమే. అప్పుడిచ్చిన సంచికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ పరీక్షలు, అవసరమైన చోట మలేరియా పరీక్ష, అన్నీ అయ్యాకే బయటికి వస్తుంది. కాబట్టి అట్టిపెట్టుకున్నవాళ్ల అవసరం ప్రమాదం జరిగిన పూట కాదు, ఖాళీ అయిన ఫ్రిజ్ నింపాల్సిన తర్వాతి రోజుల్లో.

చిన్న శిబిరం, వర్ధంతి రోజున

జాబితాతోనే సరిపెట్టుకోవచ్చు. కానీ కొత్తవాళ్లు మొదటిసారి ఇవ్వడానికి ముందుకొచ్చేది పదిమందిలో ఉన్నప్పుడే. శిబిరం వల్ల అసలు లాభం ఆ రోజు వచ్చే సంచులు కాదు, జాబితాలోకి వచ్చే కొత్త పేర్లు. అందుకని ఇరవై, ముప్ఫై యూనిట్లకు మించకుండా చూసుకుంటే మంచిది. వంతు ప్రకారం ఇచ్చే అలవాటున్నవాళ్లను ఆ రోజు పక్కన కూర్చోమని చెప్పి, మొదటిసారి ఇచ్చేవాళ్లకు తోడుగా పెడతాం.

వర్ధంతి జూన్ 14 చుట్టుపక్కల పడితే వారం పది రోజులు అటో ఇటో జరపండి. రక్త గ్రూపులను కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ 1868లో పుట్టిన రోజు అది. 2004 నుంచి ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుతున్నారు. ఆ వారంలో శిబిరాలు అన్నిచోట్లా ఉంటాయి, బ్లడ్ బ్యాంకువాళ్లకు బెడ్లు, మనుషులు చాలరు. పండగల సెలవులు, వేసవి సెలవులు వచ్చే వారాల్లో మాత్రం దాతలు పలచబడతారు. కుటుంబం సరేనంటే శిబిరాన్ని ఆ వారాలకు మార్చడమే ఎక్కువ ఉపకారం.

లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుతో ఆరు వారాల ముందే మాట్లాడుకోవాలి. అడగాల్సిన మొదటి ప్రశ్న: రక్తాన్ని భాగాలుగా విడదీసే ఏర్పాటు మీ దగ్గరుందా? ఉంటే ఒక్క సంచి ఇద్దరు ముగ్గురికి పనికొస్తుంది, లేకపోతే ఒక్కరికే. రెండోది, సంచులు ఎంతసేపట్లో చేరాలి? ప్లేట్‌లెట్లు తీయాలంటే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు విడదీయాలి, అంతవరకు సంచిని చల్లని ఐసు మీద పెట్టకూడదు. అందుకే సాయంత్రం అన్నీ కలిపి ఒకే బండిలో పంపకుండా, మధ్యాహ్నం ఒకసారి, ముగిశాక ఒకసారి పంపమని అడగాలి. మూడోది, ఆ వారంలో వాళ్ల నిల్వ ఎంత, ఏ గ్రూపులు తక్కువ? దాన్ని బట్టి ఎవర్ని ఇవ్వమనాలో, ఎవర్ని మరో నెలకు జరపాలో తేలుతుంది.

బెడ్ల లెక్క ఇలా వేసుకోవచ్చు. సంచి నిండడానికి ఎనిమిది పది నిమిషాలు పట్టినా, పడుకోబెట్టడం, శుభ్రం చెయ్యడం, తర్వాత కాసేపు పడుకోవడం కలిపి ఒక్కొక్కరికి పదిహేను ఇరవై నిమిషాలు బెడ్ మీద గడుస్తుంది. అంటే బెడ్డుకు గంటకు మూడు నలుగురు. ముప్ఫైమందికి మూడు బెడ్లు, మూడున్నర గంటలు చాలు. అందరినీ పొద్దున్నే తొమ్మిదింటికి రమ్మంటే మాత్రం ఆ లెక్క పనికిరాదు. క్యూలో గంటసేపు నిలబడి, ముందున్నవాళ్ల చేతిలోకి సూది దిగడం చూస్తూ ఉంటే బెదురులేనివాడికీ బెదురు పుడుతుంది. ప్రతి ఇరవై నిమిషాలకు ముగ్గురికి చొప్పున టైము రాసి పంపాలి.

గది కింది అంతస్తులోనే ఉండాలి. మా స్టేషన్లలో ఫైరింజన్లు నిలిపే ఇంజిన్ బే పెద్దగా, గాలి వెలుతురుతో ఉంటుంది కాబట్టి అక్కడే పెట్టేద్దామనిపిస్తుంది. వద్దు. డీజిల్ పొగ సంగతి ఒకటి, బెల్లు మోగితే బెడ్ల మధ్యలోంచి ఇంజిన్ కదలాల్సి రావడం ఇంకొకటి. బెల్లు మోగగానే రక్తం ఇస్తున్నవాడు అలవాటు కొద్దీ లేచి కూర్చుంటాడు. ఆ రోజు కాల్స్‌కు వెళ్లే షిఫ్టు వేరు, ఇచ్చేవాళ్లు వేరు అని ముందే పేర్లతో రాసి గోడకు అంటించాలి.

మనుషులు ఒకే దిక్కుగా కదలాలి: పేరు రాసుకోవడం, బరువు, హిమోగ్లోబిన్, డాక్టరు, బెడ్, తినే చోటు, బయటికి. డాక్టరు కూర్చునే చోటుకి తలుపో గట్టి తెరో ఉండి తీరాలి. దీని గురించి కింద మళ్లీ రాస్తాం, ఎందుకంటే మొత్తం పనిలో అతి ముఖ్యమైనది అదే.

బొట్టు మునిగిందా, తేలిందా

వచ్చినవాళ్లు ఎక్కువగా వెనక్కి వెళ్లేది హిమోగ్లోబిన్ దగ్గరే. ఇప్పుడు చాలాచోట్ల చిన్న మీటరు వాడుతున్నారు గానీ, శిబిరాల్లో నీలంగా ఉండే కాపర్ సల్ఫేట్ ద్రావణం ఇంకా కనిపిస్తుంది. దాని సాంద్రత 1.053 ఉండేలా తయారుచేస్తారు. వేలు గుచ్చి తీసిన రక్తపు బొట్టును దాదాపు సెంటీమీటరు ఎత్తు నుంచి అందులోకి వదులుతారు. బొట్టు పదిహేను సెకన్లలోపు నేరుగా మునిగితే డెసిలీటరుకు 12.5 గ్రాములు ఉన్నట్టు, పైనే తచ్చాడినా, కాస్త దిగి మళ్లీ పైకొచ్చినా చాలనట్టు. కొన్ని దేశాల్లో పురుషులకు 13 ఉండాలంటారు, అప్పుడు ద్రావణం వేరు.

చూడ్డానికి తేలికగా ఉంటుంది గానీ తప్పులకు చాలా దారులున్నాయి. సన్న గొట్టంలో గాలి బుడగ చేరితే బాగున్న రక్తమూ తేలుతుంది. స్పిరిట్ తడి ఆరకముందే గుచ్చినా, వేలిని గట్టిగా పిసికినా బొట్టు పలచబడి తేలుతుంది. మూత తీసి ఎండలో ఉంచిన ద్రావణంలో నీరు ఆవిరై అది చిక్కబడుతుంది, అప్పుడూ తేలుతుంది. ముప్ఫై మిల్లీలీటర్ల ద్రావణంలో ఇరవై అయిదు పరీక్షలయ్యాక పారబోసి కొత్తది పోయాలి. బొట్టు తేలిన మనిషిని వెంటనే పంపెయ్యకుండా, రెండో వేలితో మళ్లీ చూడమనో మీటరుతో సరిచూడమనో అడగడం నిర్వాహకుల హక్కు. అడిగితే ఏ టెక్నీషియనూ కోపగించుకోరు. రెండోసారీ తేలితే మాత్రం ఇక బతిమాలకూడదు.

నాడి విషయంలోనూ మాలాంటి సిబ్బందికి చిన్న ఇబ్బంది ఉంది. నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండాలన్నది సాధారణ నియమం. రోజూ పరుగెత్తేవాళ్లకు 50ల్లో ఉండటం మామూలే. వ్యాయామం చేసే అలవాటుందని చెబితే డాక్టరు తన విచక్షణతో ఒప్పుకోవచ్చు. ఈ మాట చెప్పక వెనక్కొచ్చినవాళ్లున్నారు.

తలుపు వెనక అడిగే ప్రశ్నలు

సహోద్యోగి పేరిట పెట్టే శిబిరానికున్న ప్రమాదమంతా ఇక్కడుంది. పోయినవాడు అందరికీ కావలసినవాడు. పక్కనవాళ్లంతా ఇస్తున్నారు. ఆఫీసరు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి భుజం తడుతున్నారు. ఇలాంటప్పుడు "నేను ఇవ్వను" అనడం ఎవరికైనా కష్టమే. అనలేనివాడు ఫారం మీద అబద్ధం రాస్తాడు. వాడిన మందులు, పోయిన నెలలో పీకించుకున్న పన్ను, కొత్తగా వేయించుకున్న పచ్చబొట్టు, తగ్గీ తగ్గని జ్వరం, చెప్పుకోవడానికి ఇష్టపడని మరికొన్ని సంగతులు, అన్నిటికీ "లేదు" అని టిక్కు పెడతాడు. పరీక్షలున్నాయి కదా అనుకోవడానికి వీల్లేదు. ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో కొన్ని రోజులపాటు ఏ పరీక్షకూ దొరకని కాలం ఒకటుంటుంది. ఆ కాలంలో ఇచ్చిన సంచిని ఆపగలిగేది దాత నిజం చెప్పడం ఒక్కటే.

అందుకే మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. అధికారులెవరూ బెడ్ల గదిలోకి రారు. రావాలనుకుంటే తామూ దాతగా పేరు రాయించుకుని వరసలో రావాలి. హాజరు పట్టీ ఉండదు. ఏ షిఫ్టు ఎన్ని యూనిట్లు ఇచ్చిందన్న పోటీ ఉండదు. ఆ పోటీ వినడానికి హుషారుగా ఉంటుంది గానీ, అబద్ధాలు పుట్టేది అక్కడే. డాక్టరు గదికి రెండో తలుపు ఉండేలా చూసి, ఇచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఒకే చోట తేలేలా చేస్తాం: అందరికీ ఒకే బల్ల, అదే జ్యూసు, అవే బిస్కెట్లు. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో బయట నిలబడినవాళ్లకు తెలియదు. ఇచ్చి కూడా, ఇంటికెళ్లాక "నా సంచి వాడొద్దు" అని గుట్టుగా ఫోన్ చేసి చెప్పుకునే నంబరు బ్లడ్ బ్యాంకు ఇస్తుందా అని ముందే కనుక్కుని, అది ప్రతి ఒక్కరికీ చీటీగా ఇస్తాం.

వెనక్కి వచ్చినవాడిని "ఏమైందిరా?" అని అడగకూడదన్నది స్టేషన్‌లో పాటించడం అన్నిటికన్నా కష్టమైన నియమం. ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు బతికే చోట దాపరికం అలవాటుండదు. ముందురోజు పరేడ్‌లో ఒకసారి గట్టిగా చెప్పేస్తే చాలావరకు ఆగుతుంది.

బెడ్ మీద, తర్వాత

ఇచ్చే ముందు నాలుగు గంటల్లోపు కడుపునిండా తిని ఉండాలి. ఉపవాసం ఉండి నివాళిగా రక్తం ఇస్తామనేవాళ్లు తగులుతారు. వాళ్లను మరో రోజు రమ్మనాలి. బెడ్ ఎక్కే అరగంట ముందు అరలీటరు నీళ్లు తాగితే కళ్లు తిరగడం బాగా తగ్గుతుంది. ఇరవైనాలుగు గంటల ముందు నుంచీ మద్యం ముట్టకూడదు.

సంచిలో రక్తం గడ్డకట్టకుండా ద్రావణం ముందే పోసి ఉంటుంది, 350 సంచికి 49 మిల్లీలీటర్లు, 450 సంచికి 63. ఈ పాళ్ల వల్లే సగంలో ఆపేసిన సంచి చాలాసార్లు వృథా. రక్తం తక్కువ, మందు ఎక్కువ అవుతుంది. ఊపుతూ తూకం చూసే చిన్న యంత్రం కదలని, చదునైన బల్ల మీద ఉండాలి. గుడ్డ పరిచిన మడత బల్ల మీద పెడితే తూకం తప్పుతుంది. సూది పెట్టే చోట మందు రాసి, అది దానంతట అది ఆరేదాకా ఆగాలి. ఊది ఆరబెట్టకూడదు, రాసిన చోట మళ్లీ వేలు పెట్టి నరం వెతకకూడదు. మొదట వచ్చే కొద్దిపాటి రక్తం పరీక్ష సీసాలకు వెళ్లే చిన్న తిత్తిలోకి మళ్లుతుంది, చర్మం మీది క్రిములు ఏవైనా ఉంటే అందులోకే పోతాయి. సంచి నిండడానికి పదిహేను నిమిషాలు దాటితే అందులోంచి ప్లేట్‌లెట్లు తీయరు.

కళ్లు తిరిగేముందు మనిషి చెప్పడు గానీ మొహం చెబుతుంది. మాటలు ఆగిపోతాయి, పెదాలు తెల్లబడతాయి, పై పెదవి మీద చెమట పోస్తుంది, ఆవలింత వస్తుంది. ఆవలింత కనిపించగానే నర్సును పిలవాలి. సూది తీసేస్తారు, తల దించి కాళ్లు ఎత్తుతారు. చుట్టూ మూగకూడదు, లేపి నిలబెట్టి బయటికి నడిపించకూడదు. మా వాళ్లకు మనిషిని భుజాన వేసుకుని పరుగెత్తడం వృత్తి. ఇక్కడ అది చెయ్యొద్దని చెప్పాల్సి వస్తుంది. మొదటిసారి ఇచ్చేవాళ్లకు ఒక ఉపాయం నేర్పిస్తాం: కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని తొడలు ఐదు సెకన్లు బిగించి వదలడం, సూది పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ. నిజంగానే పనిచేస్తుంది.

సూది తీశాక చెయ్యి ముడవకూడదు, చాచి పైకెత్తి దూది మీద నొక్కి పట్టుకోవాలి. మోచేయి మడిస్తే కిందనే రక్తం చేరి మర్నాటికి నల్లగా కములుతుంది. పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, ఏదైనా తాగించి తినిపించాకే వదలాలి. పడిపోయేవాళ్లలో కొందరు బెడ్ మీద కాదు, పావుగంట తర్వాత బాత్రూంలో పడతారు. అందుకే బాత్రూం గొళ్లెం పెట్టుకోవద్దని రాసి అతికించి, బయట ఒక మనిషిని పెడతాం. మోటార్ సైకిలు తాళాలు ఇచ్చేది గంట తర్వాతే.

ఇవ్వలేనివాళ్లు

ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, బరువు చాలనివాళ్లు, వయసు మీరి రిటైరైన పాతకాపులు, వీళ్లకూ ఆ పేరుతో బంధం ఉంటుంది. తినే బల్ల, టైము చీటీలు, బాత్రూం కాపలా, సంచుల బండి వెంట వెళ్లడం, ఇవన్నీ వాళ్లకే అప్పగిస్తాం. జాబితా చూసుకునే బాధ్యతకు రిటైరైనవాళ్లకు మించినవాళ్లు లేరు. బదిలీలు ఉండవు, ఫోన్ చేసి గుర్తుచేసే ఓపిక ఉంటుంది, కుర్రాళ్లు వాళ్ల మాట తీసెయ్యరు.

బహుమతుల దగ్గర జాగ్రత్త. డబ్బుగా మారే ఏదీ ఇవ్వకూడదు. వేతనంతో అదనపు సెలవు లాంటివి కూడా కొందరి చేత అబద్ధం రాయిస్తాయి. తర్వాతి ఇరవైనాలుగు గంటలు నిచ్చెన పని లేకుండా చూడటం బహుమతి కాదు, భద్రత. ఆ తేడా అధికారులకు రాతపూర్వకంగా చెప్పి ఒప్పించుకోవాలి.

జాబితా పుస్తకంలో నాలుగే గడులు: పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, మళ్లీ ఇవ్వగలిగే తేదీ. ఎందుకు ఇవ్వలేదన్న గడి ఉండకూడదు. వాయిదా పడిన మనిషికి డాక్టరు చెప్పిన తేదీనే నాలుగో గడిలో వేస్తాం. ఇక ఎప్పటికీ ఇవ్వలేనివాళ్ల పేరును మౌనంగా సహాయకుల జాబితాలోకి మారుస్తాం. పరీక్ష ఫలితాలు బ్లడ్ బ్యాంకు నుంచి నేరుగా దాతకే వెళ్లాలి, స్టేషన్ చిరునామాకు రాకూడదు. ఫారంలో ఇంటి చిరునామా, సొంత ఫోన్ నంబరు రాయించేది అందుకే. బదిలీ అయి వెళ్లేవాడికి పుస్తకంలోని అతని వరస రాసిన కాగితం చేతికిచ్చి, కొత్త స్టేషన్‌కు దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులో పేరు రాయించుకోమంటాం, కొత్తగా వచ్చినవాడిని మొదటి నెలలో అడగం. వచ్చిన కొత్తలో ఎవరూ కాదనలేరు, ఆ అవునుకు విలువుండదు. రెండో మూడో నెలలో, షిఫ్టులోవాళ్లంతా పరిచయమయ్యాక, పుస్తకం చూసుకునే పెద్దాయనే వెళ్లి అడుగుతారు.